అవ్వతో చూసిన నవ్వుల నాటకం

మొన్న మదనపల్లెలో నాటకం టికెట్ల వరుసలో నిలబడితే, మేకప్పు పౌడరు వాసన వచ్చింది.

"అక్కా, మా పాప భయపడదు కదా?" అని వెనకామె అడిగింది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు పుంగనూరుకు నిధి వేట నాటకం వచ్చింది. భయపడవు కదా అని అవ్వ కూడా నన్ను అడిగింది.

"కుప్పంలో సూసినానవ్వా, అంతా నవ్వులే," అని కోతలు కోశాను. నేను చూసింది గోడమీది పోస్టరే.

మొదట్లోనే ఎలుగుబంటి వేషగాడు జనంలోకి దూకాడు. లేద్దామంటే చాపమీద అటూ ఇటూ మోకాళ్లే, నా చెయ్యి అవ్వ పిడికిట్లో.

"కూర్చో, నువ్వు సూసిందే కదా," అని అవ్వ ఒకటే నవ్వు. నేను ఆమె చెంగులో తల దూర్చి కూర్చున్నాను.

నాటకం అయ్యాక బయట పక్కింటాయన అడిగాడు: "పిల్లోళ్లకు బాగుంటాదామ్మా?"

"దీన్ని అడుగప్పా, రెండుసార్లు సూసింది," అంది అవ్వ.

ఆ తర్వాత ఎన్నో కోతలు కోశాను. మొన్న వరుసలో వెనకామెతో మాత్రం నిజమే చెప్పాను.

"నేనింకా సూడలేదమ్మా. పాపతో చివరి కుర్చీలో కూర్చో, లేచిపోయేదానికి దోవ ఉంటాది."