రూతు టీచర్ చెక్కిన చర్చి

పెన్సిల్ చెక్కేటప్పుడు వచ్చే వాసన ఇప్పటికీ నా చేతిలో పనిని ఆపేస్తుంది. ఏ.ఎస్. రావు నగర్‌లోని ఒక డెంటల్ ల్యాబ్‌లో మైనంతో పళ్ల నమూనాలు చెక్కడం నా ఉద్యోగం. మొన్న గుర్తులు పెట్టుకోవడానికి పెన్సిల్ చెక్కుతుంటే నల్లటి పొడి వేలికి అంటుకుంది. పక్కనున్నావిడ ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాను. నాకు రూతు టీచర్ గుర్తొచ్చారు.

చిలకలగూడలో మా ఇంటి కింది వాటాలో ఆవిడా, ఆవిడ భర్త ప్రభుదాసు గారూ అద్దెకుండేవాళ్లు. ఎప్పుడో గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆవిడ డ్రాయింగ్ టీచరుగా, ఆయన రైల్వే గార్డుగా రిటైరయ్యారు. డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను ఆవిడ దగ్గరికి పంపింది మా అమ్మే. టీచర్ బియ్యపు గింజ మీద పిట్టల్ని వేసేవారు. పెన్సిల్ ములుకును సూదితో చెక్కి మనుషుల్నీ మెట్లనీ తీసేవారు. పని మొదలుపెడితే ఎండాకాలమైనా ఫ్యాను ఆపేయాల్సిందే. ఊపిరి వదిలాక మళ్లీ పీల్చుకునేలోపే సూది కదపాలనేవారు. చాలాకాలం నాకు చెక్కడం నేర్పలేదు, కదలకుండా కూర్చోవడం నేర్పారు.

ఏది పూర్తయినా ముందు చూసేది ప్రభుదాసు గారు. స్టాండుకు బిగించిన భూతద్దం మీదికి వంగి, కాసేపు చూసి, ఒక మంచి మాట చెప్పేవారు. ఆ తర్వాతే అది గాజు గొట్టంలోకి వెళ్లేది. మిగతావాళ్లు ఎంత చిన్నదో చూస్తారని, ఆయన మాత్రం అందులో ఏముందో చూస్తారని టీచర్ ఒకసారి నాతో అన్నారు.

రాంగోపాల్‌పేట్‌లో ఒక ప్రదర్శనకు ఆవిడను పిలిచారు. అందుకోసం పెన్సిల్ ములుకు మీద ఒక చర్చిని చెక్కడం మొదలుపెట్టారు. గంట గోపురం, దాని మీద శిలువ. నెలల పని. పూర్తయిన మధ్యాహ్నం భర్తను పిలిచి, పెన్సిల్‌ను స్టాండుకు బిగిస్తుండగా చర్చి మొదలంటా విరిగి బల్ల మీద పడింది. ఆవిడ నోరు తెరిచేలోపే ఆయన వచ్చి భూతద్దం మీదికి వంగారు. దాని కింద ఉన్నది మొండి ములుకు మాత్రమే.

"శిలువ భలే కుదిరింది రూతూ. ఇన్నాళ్లూ చేసినవాటిలో ఇదే బాగుంది," అన్నారు.

టీచర్ నా వైపు చూశారు.

"మీకు నచ్చింది, అది చాలండీ," అన్నారు ఆవిడ, ఎప్పటి గొంతుతోనే.

ఆయన గోడను తడుముకుంటూ తన కుర్చీలోకి వెళ్లారు. ఆ తడమడం నేను రోజూ చూస్తున్నదే, కానీ అది ఎందుకో అప్పుడే అర్థమైంది. చూపు పోతోందని డాక్టరు చెప్పినా ఆయన ఇంట్లో దాచారని తర్వాత తెలిసింది. టీచర్ తడి కుంచె మొనతో ఆ విరిగిన ముక్కను తీసి ఒక డబ్బాలో వేశారు.

ప్రదర్శనకు రాలేనని మర్నాడే ఫోన్ చేశారు. బొమ్మలు చేసే మెత్తటి పొణికి చెక్క తెప్పించుకుని, అదే చర్చిని అరచేతిలో పట్టేంత పెద్దగా చెక్కడం మొదలుపెట్టారు.

"ఇన్నేండ్ల పని గిట్ల ఇడిచిపెడతారా టీచర్?" అని అడిగాను. అంతటి చెయ్యి ఇలా మొద్దుపనికి దిగడం నాకు కష్టంగా ఉండేది.

"ఊళ్లోవాళ్లకి చూపించింది చాలమ్మాయ్. ఇక ఆయనకి చూపించాలి," అన్నారు.

చర్చి పూర్తయ్యాక ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, దాన్ని ఆయన చేతిలో పెట్టారు. ఇంత పెద్దదెందుకు చేశావని ఆయన అడగలేదు. దాన్ని ఒడిలో పెట్టుకున్నారు. తర్వాత వేళ్లతో మెట్లు, తలుపు, కిటికీలు నెమ్మదిగా చూసుకుంటూ పైకి వెళ్లారు. గోపురం దగ్గర వేలు ఆగింది.

"ఇది కొంచెం ఎడమకి ఒరిగింది రూతూ."

అన్నేళ్లలో ఆయన తప్పు పట్టడం నేను వినలేదు. టీచర్ వంగి చూసి, నిజమేనని నవ్వారు. తర్వాత చాలాసేపు కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు. ఆ సాయంత్రమే గోపురాన్ని సరిచేశారు. ఆ తర్వాత ఆవిడ చిన్నవి మళ్లీ చెక్కలేదు. ఆయన పోయేదాకా చేతికి అందేవే చేశారు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. గింజ మీద పిట్టను వేసే నైపుణ్యం నాకు రాలేదు. రాలేదన్న బాధ కూడా పెద్దగా లేదు. ల్యాబ్‌లో ఎవరైనా నా పనిని చూసీ చూడగానే బాగుందంటే, దాన్ని వాళ్ల చేతిలో పెట్టి ఊరుకుంటాను. ఎక్కడో ఒకచోట వాళ్ల వేలు ఆగుతుంది. నేను అక్కణ్ణుంచి మళ్లీ మొదలుపెడతాను.