పిన్ని డాబా మీదికొచ్చిన హెలికాప్టర్

నేను బెంగళూరులో హెలికాప్టర్ గేర్‌బాక్సుల మీద పనిచేస్తాను. మా పిన్ని మాత్రం విజయవాడలోని తన కాలనీ అంతటా "మా అమ్మాయి హెలికాప్టర్లు చేస్తుంది" అని చెప్పుకుంటుంది. ఇంజను విపరీతమైన వేగంతో తిరుగుతుందనీ, పైన రెక్కలు అంతకంటే చాలా మెల్లగా తిరగాలనీ, ఆ రెంటికీ మధ్య ఉండే పళ్ళచక్రాల పెట్టెను తేలిగ్గా, చప్పుడు తక్కువగా, మొరాయించకుండా తయారుచేయడమే మా పననీ ఎన్నోసార్లు చెప్పాను.

"లోపలి నూనె కారిపోయినా కాసేపు తిరుగుతూనే ఉండాలి పిన్నీ."

"కాఫీ పడకపోతే మీ బాబాయి గేటు దాకా కూడా కదలరు. ముందు ఆయన్ని బాగుచెయ్యవే."

ఒక వానాకాలం నేను సెలవు మీద వాళ్ళింట్లో ఉండగా బుడమేరు వాగు పొంగింది. కింది వాటా మునిగి, ఇరుగుపొరుగుతో సహా అందరం డాబా ఎక్కాం. తెచ్చుకున్న తిండి అయిపోయింది. మర్నాడు మధ్యాహ్నం హెలికాప్టర్ వచ్చింది.

దగ్గరయ్యే కొద్దీ రెక్కల దడదడలో సన్నటి కూత వినిపించింది. అది గేరు పళ్ళ కూత. దాన్ని తగ్గించడానికే మేం ఏళ్ళుగా తంటాలు పడుతున్నాం. ఆ రోజు అది చెవిన పడగానే నాకు ఏడుపొచ్చింది.

హెలికాప్టర్ మా నెత్తిన నిలిచింది. ఆరేసిన పిన్ని చీర ఎగిరి పక్కింటి నీళ్ళ ట్యాంకును చుట్టుకుంది. పిన్ని నా చెవిలో అరిచింది.

"ఇంత గోలేంటే? నువ్వు చేసే పని ఇదేనా?"

"ఇది మేం చేసింది కాదు పిన్నీ!"

"ఆఁ?"

"మేం చేసింది కాదు!"

"వినపడట్లేదే!"

పులిహోర పొట్లాలు, నీళ్ళ సీసాలు పడ్డాయి. హెలికాప్టర్ వెళ్ళిపోయాక పక్కింటావిడ పొట్లం విప్పుతూ, "మీ అమ్మాయి హెలికాప్టర్ బాగుందండీ. కాస్త చప్పుడెక్కువంతే," అంది. పిన్ని హుందాగా తలూపింది. నేను వివరించబోతే బాబాయి, "తినమ్మా ముందు," అన్నారు.

తర్వాత బెంగళూరులో మా కొత్త గేర్‌బాక్స్‌ను పరీక్షించినప్పుడు ఆ కూత బాగా తగ్గింది. వెంటనే పిన్నికి ఫోన్ చేసి చెప్పాను.

"అయితే కింద నిలబడి మాట్లాడుకోవచ్చా?" అనడిగింది.

"రెక్కల చప్పుడు నా చేతిలో లేదు. అరవాల్సిందే."

"మరి తగ్గిందేంటే? ఉండు, మీ బాబాయికిస్తా. ఆయనకి చెప్పు."