ఓల్షింకా చావుగంట

ఓల్షింకా రెండు గుట్టల మధ్య ఇరుక్కున్న ఊరు. ఒక వాగు, ఒక చేపల చెరువు, చిన్న ప్రార్థనా మందిరం, పదకొండు ఇళ్ళు. అందులో సగం ఇళ్ళకి ప్రాగ్ వాళ్ళు శని ఆదివారాల్లో వచ్చి తాళం తీస్తారు. మిగతా సగంలో ఉన్నది ముసలివాళ్ళే. గుట్టల అడ్డం వల్ల ఫోను సరిగ్గా పలకదు. గంట మాత్రం పై అడవి దాకా వినిపిస్తుంది.

ఆ గంట కొట్టేది వెండెలిన్ ష్రామెక్. యుద్ధంలో జర్మన్లు గంటలన్నీ కరిగించడానికి పట్టుకుపోతుంటే, వాళ్ళ నాన్న దీన్ని చెరువులో ముంచేశాడు. యుద్ధమయ్యాక ఎడ్లతో బయటికి లాగితే అంచు కాస్త పగిలింది. అప్పట్నుంచీ దాని గొంతు బొంగురే. తర్వాత సహకార సేద్యం వచ్చి పొలాల గట్లు పోయాయి, పిల్లలు పట్నాలు పట్టారు, బడి మూతబడింది. గంట ఆగలేదు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎవరైనా పోతే చావుగంట, మగవాళ్ళకి మూడు విడతలు, ఆడవాళ్ళకి రెండు. తల్లిదండ్రులకీ భార్యకీ వెండెలినే కొట్టాడు.

ఇప్పుడు కింది ఊళ్ళో ఉండే సర్పంచి రడోవన్ గంటకి కరెంటు మోటారు పెట్టిస్తానంటున్నాడు.

"వేళకి దానంతటదే మోగుతుంది తాతా."

"మరి మనిషి పోతే?"

"మందిరం తలుపుకి కాగితం అంటిస్తాం."

ఆ రోజు నుంచి వెండెలిన్‌కి ఒకటే దిగులు. తను పోతే ఎవరు కొడతారు? ఊరందరినీ సాగనంపినవాడు కాగితం ముక్కతో పోవాలా? పైకి మాత్రం మోటారు దండగ అని గొణిగేవాడు.

ఆగస్టు చివర్లో ఒక ఉదయం పక్కింటి అపోలెనా పొగగొట్టంలోంచి పొగ రాలేదు. ఎనభై దాటిన మనిషి, తెల్లారేసరికి పొయ్యి వెలిగిస్తుంది. వెండెలిన్ తలుపు కొట్టాడు. పలుకు లేదు. కిటికీలోంచి తొంగి చూస్తే మంచం మీద ఈకల బొంత కింద కదలని ఆకారం. టోపీ తీసేశాడు. ఇన్నేళ్ళూ కంచె మీదుగా పోట్లాడిన మనిషి మరి. లోపలికెళ్ళి చూద్దామన్న బుద్ధి పుట్టలేదు ఆ మహానుభావుడికి. కళ్ళు తుడుచుకుంటూ మందిరానికి వెళ్ళి గంట తాడు పట్టుకున్నాడు.

జనం టోపీలు తీసి అపోలెనా గుమ్మం ముందు చేరారు. అంతలో అడవి దారిన పుట్టగొడుగుల బుట్టతో రొప్పుతూ అపోలెనాయే వచ్చింది.

"రెండు విడతలు విన్నాను. దారి పొడుగునా ప్రార్థన చేసుకుంటూ వచ్చాను. ఎవరు పోయింది?"

అందరూ వెండెలిన్ వైపు చూశారు.

"నువ్వే," అన్నాడు వెండెలిన్. "మరి ఆ మంచం మీదున్నదెవరు?"

"రొట్టెల పిండిరా వెర్రివాడా. వెచ్చగా ఉంటే పొంగుతుందని బొంత కింద పెట్టి పోయాను."

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. కబురు తెలిసి రడోవన్ కూడా వచ్చాడు. "ఇక మోటారే గతి తాతా. అది బతికున్నవాళ్ళని చంపదు," అన్నాడు. వెండెలిన్‌కి తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం గంట కొట్టి మందిరంలోనే కూలబడ్డాడు. అపోలెనా రేగుపళ్ళ రంగులో ముద్దుగా కాలిన రొట్టెలు పళ్ళెంలో తెచ్చింది.

"తిను. నా శవమే ఇది."

అతను నవ్వలేదు. ఒకటి తీసుకున్నాడు.

"మోటారు పెట్టుకోనీ. తాడు మాత్రం తియ్యొద్దని రడోవన్‌కి చెప్పాను," అంది.

"ఎందుకు, నిన్ను ఇంకోసారి చంపడానికా?"

"నాది అయిపోయిందిగా. రెండు విడతలూ చెవులారా విన్నాను, బాగానే కొట్టావు." పళ్ళెం పక్కన పెట్టి తాడు పట్టుకుంది. "మూడు విడతలు ఎలా కొట్టాలో నేర్పు."

వెండెలిన్ చేతిలోని రొట్టె పళ్ళెంలో పెట్టాడు. లేచి, ఆమె చేతుల్ని తాడు మీద కాస్త పైకి జరిపాడు.