తీగచుట్టా, స్ప్రింగూ, మా కుప్పం సారూ

మొన్న పొద్దున పేపరు విప్పితే అందులోంచి ఒక కోచింగు సెంటరు వాళ్ల కరపత్రం జారి కాఫీ గ్లాసు పక్కన పడింది. ఫిజిక్సుకు వాళ్ల దగ్గర నలుగురు సార్లట, మెకానిక్సుకు ఒకరు, హీటుకు ఒకరు, కరెంటుకు ఒకరు, తరంగాలకు ఇంకొకరు, నలుగురూ కోట్లు తొడుక్కుని చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటోలతో సహా. ఈ నలుగురూ ఎప్పుడైనా ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారా అని నాకు అనుమానం వచ్చింది, కొంచెం కోపం కూడా వచ్చింది. ఎందుకంటే, డెబ్బైల్లో మదనపల్లెలో బీయస్సీ చదివిన మాకు ఈ నాలుగింటి లోపలా నడిచే లెక్క ఒకటేనని చెప్పబోయి ఒక మనిషి తన ఉద్యోగాన్నే ఇరకాటంలో పెట్టుకున్నాడు.

ఆయనది కుప్పం. పర్మనెంటు కాదు, ఏ ఏటికా ఏడు కాలేజీవాళ్లు దయతలిచి పొడిగించే ఉద్యోగం. మాటల మధ్య అరవం దొర్లేది గానీ, సుద్దముక్క పట్టుకున్నాక ఆయనకు ఏ భాషతోనూ పెద్దగా పని ఉండేది కాదు. పుంగనూరు పక్క పల్లెల నుంచి బియ్యం మూటతో బస్సు దిగి, అద్దె గదిలో వండుకుని చదివే నాలాంటి వాళ్లకేమో చదువంటే పోర్షన్ పూర్తి కావడం, ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టడం, తక్కిన పాఠాలను ఛాయిస్ కింద వదిలేయడం. సగం పుస్తకం తెరవకుండానే గట్టెక్కే ఆ విద్యలో మా సీనియర్లు ఆరితేరినవాళ్లు, దాన్ని మాకు ఎంతో ప్రేమగా నేర్పారు కూడా.

సార్ ఇదేదీ పట్టించుకోకుండా, బోర్డు మీద ఒక సమీకరణం రాసి, అందులోని అక్షరాలు దేనికి గుర్తో చెప్పకుండా, వారాల తరబడి దాన్నే రకరకాలుగా సాధించమన్నాడు. ఇది ఏ పాఠం సార్ అని ఎవరైనా అడిగితే, "పేరు తర్వాత పెడదాం లేప్పా, ముందు బిడ్డను సూడండి" అనేవాడు. తర్వాత ఆ అక్షరాలకు బరువు, స్ప్రింగు అని పేర్లు పెడితే స్ప్రింగుకు వేలాడే బరువు పైకీ కిందికీ ఊగింది, అవే చోట్ల తీగచుట్టనూ కెపాసిటర్‌నూ పెడితే కరెంటు అటూ ఇటూ ఊగింది. కాఫీ చల్లారడానికీ, కెపాసిటర్‌లోని ఛార్జి దిగిపోవడానికీ, రేడియం తరిగిపోవడానికీ కలిపి ఇంకొక్క సమీకరణం చాలన్నాడు. మాకది విద్యలా కాక కనికట్టులా కనిపించింది. ఫిజిక్సు సార్ లెక్కలు చెబుతున్నాడనీ, పోర్షన్ అంగుళం కదల్లేదనీ కొందరు ప్రిన్సిపాలు గది దాకా వెళ్లారు.

అర్ధసంవత్సర పరీక్షలో ఆయనకు అసలు దెబ్బ తగిలింది. తీగచుట్ట ఉన్న సర్క్యూటు మీద ప్రశ్న ఇచ్చాడు. కాగితం మీద తీగచుట్ట బొమ్మా స్ప్రింగు బొమ్మా ఒకేలా మెలికలు తిరిగి ఉంటాయి కదా, క్లాసు క్లాసంతా తీగచుట్టను తీసుకెళ్లి స్ప్రింగు చోట కూర్చోబెట్టాం. లెక్క తలకిందులైంది. చుట్ట పెద్దదయ్యేకొద్దీ నెమ్మదించాల్సిన కరెంటు ఇంకా వేగంగా ఊగుతుందని అందరం ఒక్కమాట మీద రాసి, అందరం కలిసే మునిగాం. ఆ మార్కులు చూసిన ప్రిన్సిపాలు, యూనివర్సిటీ పరీక్షలోనూ ఇదే జరిగితే వచ్చే ఏడాది మీరు ఉండరని స్టాఫు రూములో అందరి ముందరే అన్నాడట.

మరునాడు సార్ మమ్మల్ని తిట్టలేదు. బోర్డు మీద రెండు బొమ్మలూ పక్కపక్కన గీసి, "మొగం సూసి వరస కలపొద్దప్పా, అది ఏం పని సేస్తాండాదో సూసి కలపండి" అన్నాడు. బరువైన వస్తువు కదలమంటే మొరాయిస్తుంది, కదిలాక ఆగమన్నా మొరాయిస్తుంది, తీగచుట్ట కూడా కరెంటు మారబోతే అట్లాగే మొండికేస్తుంది కాబట్టి దానిది బరువు చేసే పని, వెనక్కి లాగే స్ప్రింగు పని కెపాసిటర్‌ది అని విడమరిచాడు. వేరు వేరు పాఠాలని భయపడి వదిలేసినవి ఒకే పాఠమని తెలిసిన ఆ రోజు నాకు కలిగిన సంతోషం, తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

యూనివర్సిటీ పరీక్షలో మేం ఛాయిస్‌లో వదిలేసిన పాఠాలే వరసగా వచ్చాయి. చదవని పాఠాలకు చదివిన సమీకరణంతో జవాబులు రాసి బయటపడ్డాం. కానీ ఫలితాల దాకా కాలేజీవాళ్లు ఆగలేదు, ఎండాకాలంలోనే సార్‌ను కొనసాగించడం లేదని చెప్పేశారు. మేం ఊళ్లలో ఉండగానే ఆయన ట్రంకుపెట్టె బస్సు మీద వేయించుకుని వెళ్లిపోయాడు. తర్వాత మా క్లాసు దాదాపు అంతా పాసైంది. పేపర్లో పేర్లు పడవు, హాల్‌టికెట్ నంబర్లే పడతాయి, మా నంబర్లు సార్‌కు తెలియవు, ఆయన అడ్రసు మాకు తెలియదు.

ఎనభైల్లో నేను పుంగనూరులో ఫిజిక్సు చెబుతుండగా ప్రాక్టికల్ పరీక్షల డ్యూటీ కుప్పంలో పడింది. వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ పోతే ఆయన ఒక ఎరువుల అంగడిలో దొరికాడు. ఫలానా ఏడాది మీ దగ్గర బీయస్సీ చదివాను సార్ అనగానే ఆయన ముఖం వాడిపోయింది. స్టూలు వేసి కాఫీ తెప్పించి, నా వైపు చూడకుండా, "మిమ్మల్ని నేనే ముంచేస్తినని ఒకటే బాధప్పా. యాల అట్ల సెప్తినో ఏమో. మళ్లా పాఠం సెప్పే పనికి యాడా పోలేదు" అన్నాడు. పాసయ్యాం సార్, ఆ సర్క్యూటు కూడా వచ్చింది, రాసేశాం అన్నాను. తీగచుట్టను ఏం చేశారని అడిగాడు. బరువు చోట పెట్టామన్నాను. అందరూనా అని అడిగాడు, మళ్లీ అదే అడిగి, తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

ఇప్పుడైతే ఫలితం వచ్చిన నిమిషంలోనే మార్కులు ఫోనులో కనిపిస్తాయి, పాఠం చెప్పిన సార్‌కు ఆ వెంటనే దండం బొమ్మ పోతుంది. ఆ రోజుల్లో మదనపల్లె నుంచి కుప్పానికి బస్సులో ఒక పూట దారి. మేం పాసయ్యామన్న మాట ఆ దారిన వెళ్లి ఆయన్ను చేరడానికి ఏళ్లు పట్టింది, ఆ లోపల ఆయన చేత పాఠం చెప్పించుకోవలసిన పిల్లలంతా ఇంకెవరి దగ్గరో బట్టీ పట్టి వెళ్లిపోయారు.