ఆరో నంబరు ఛానెల్

ఆత్మకూరులో మా అత్తగారింటిని అన్నదమ్ములిద్దరూ పంచుకున్నప్పుడు హాలు మధ్యలో గోడ లేచింది. బీరువాలు, మంచాలు, పెరట్లో కొబ్బరిచెట్లు అన్నీ పంచుకున్నారు. ఆరో నంబరును మాత్రం ఎవరూ వదులుకోలేదు. మామగారి మొదటి లారీ నంబరు కూడితే ఆరు వచ్చిందట, ఆ లారీతోనే ఇంటికి అంతా కలిసొచ్చిందట. అందుకే బావగారి కారుకీ ఆరే, మా ఆయన బండికీ ఆరే. సెల్ నంబరు కూడా కూడి చూసుకునే తీసుకుంటారు. నేను ఎమ్మెస్సీ లెక్కలు చదివినదాన్ని. కొత్తకోడలుగా ఒకసారి ఈ కూడికలకు నవ్వాను. ఆ తర్వాత నవ్వలేదు.

పిల్లలకు ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే ఉద్యోగం దొరికింది. కొన్నాళ్లు చెప్పించుకుని, ఆఖర్న ఒక క్లాసు పైవాళ్లు కూర్చుని చూసి, నచ్చితే ఖాయం చేస్తారు. పెళ్లయ్యాక నాదంటూ దొరికిన మొదటి పని అది. దాన్ని పోగొట్టుకోకూడదని ఎంత ఆరాటపడ్డానో నాకే తెలుసు.

తీరా చూస్తే క్లాసులో నా బొమ్మ మాటిమాటికీ బిగుసుకుపోయేది. "మేడం, వినపడట్లేదు" అనేవాళ్లు పిల్లలు. నెట్ బాగానే వస్తోందని కేబుల్ వాళ్లు తేల్చేశారు. ఫోన్‌లో ఒక యాప్ వేసి చూస్తే అసలు సంగతి తెలిసింది. వైఫై గాల్లో నడిచే దారులకు నంబర్లుంటాయి, వాటినే ఛానెళ్లంటారు. గోడకు ఇవతల మా రౌటర్, అవతల బావగారి రౌటర్, రెండూ ఆరో ఛానెల్ మీదే ఉన్నాయి. వాళ్ల టీవీ నెట్ మీదే నడుస్తుంది. ఇరుకు సందులో రెండు బండ్లు ఎదురైతే ఒకటి ఆగాల్సిందే కదా. ఎదురు షాపువాళ్లది ఒకటో ఛానెల్. పదకొండు ఖాళీ. దానికి మార్చాను. ఆ తర్వాత వినపడట్లేదన్న పిల్లాడు లేడు.

సంతోషం పట్టలేక అన్నాల దగ్గర చెప్పాను. మామగారు ముద్ద ఆపారు.

"ఏది తీసి ఏది పెట్టినావమ్మా?"

చెప్పాను.

"పదకొండు కూడితే రెండు. అది మనకి అచ్చిరాదు. అయినా ఆరు పెద్దోడికి వదిలేసేదేంది?"

"ఇది అట్లాంటి నంబరు కాదు మామా. ఎవరూ లేని దారి చూసుకుని పోవడమే."

"దారైనా నంబరు నంబరే గదా."

మా ఆయన తలెత్తకుండా పెరుగన్నం కలుపుకున్నాడు.

పైవాళ్లు చూసే క్లాసు ఒక ఆదివారం ఉదయం. దేవుడికి దీపం పెట్టి కూర్చున్నాను. భిన్నాల భాగహారం మొదలుపెట్టానో లేదో నా మాట ముక్కలైంది, బొమ్మ ఆగిపోయింది. గోడ అవతల టీవీలో క్రికెట్ మోత. ఆ గదిలో ఫోన్ సిగ్నల్ కూడా సరిగా అందదు. మీరు బాగా చెబుతారు కానీ మీ ఇంటి కనెక్షన్‌ను నమ్ముకోలేమని సాయంత్రానికి చెప్పేశారు.

రౌటర్ సెట్టింగ్స్ తెరిచి చూశాను. ఆరు.

"ఎవరు మార్చినారు?" అన్నాను.

"నేనే, పొద్దున కేబులోళ్లకి ఫోన్ చేసి మార్పించినా. మంచి పని మంచి నంబరుతో మొదలుపెట్టాలని నాయన చెప్పినాడు. నీ మంచికే గదా," అన్నాడు మా ఆయన.

నమ్మకం అనుకుంటే సరిపెట్టుకునేదాన్నేమో. అన్నకు ఆరు వదలకూడదన్న పంతం అది. ఆ పంతానికి నా మంచి అని పేరు పెట్టారే, అందుకు ఇప్పటికీ నా కడుపు మండుతుంది. పుండు మీద కారం చల్లినట్టు మామగారు మరో మాట కూడా అన్నారు. "ఆ నాలుగు రోజులు పదకొండు పెట్టినావు చూడు, దాని దెబ్బే ఇది."

మొన్న సాయంత్రం మా టీవీకి కూడా నెట్ అందక ఆగి ఆగి వస్తోంది. మా ఆయన కాసేపు రిమోట్ నొక్కి, వంటింటి గుమ్మం దగ్గరికొచ్చాడు.

"ఆ పదకొండు ఒకసారి పెట్టు. మ్యాచ్ ఉండాది," అన్నాడు గొంతు తగ్గించి. "నాయనకి చెప్పబాక."

నేను పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.