గ్రాండ్‌కి గడి లేదు

ఐర్లండ్‌లోని గాల్వేలో నాకు దొరికిన మొదటి ఉద్యోగం మెడికల్ కార్డు ఉన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ప్రశ్నలడగడం. ఆ కార్డు ఉంటే డాక్టర్ ఫీజు ప్రభుత్వమే కడుతుంది. అందే వైద్యం ఎలా ఉందో అడిగి, చేతిలో ఉన్న ట్యాబ్‌లో ఒక గడి నొక్కాలి. 'చాలా బాగుంది' నుంచి 'అస్సలు బాగోలేదు' దాకా ఐదే గడులు. ఇంతోటి పనికి ట్రైనింగ్ కూడా ఇచ్చారు.

అందులో చెప్పనిదల్లా ఒక్కటే. ఇక్కడ ఎవర్ని ఏమడిగినా "గ్రాండ్" అంటారు. మనకు గ్రాండ్ అంటే పెళ్ళి. పూలపందిరి, రకరకాల స్వీట్లు, నెత్తి మీద డ్రోన్ కెమెరా. అందుకని వారమంతా 'చాలా బాగుంది' నొక్కుకుంటూ పోయాను. ఈ ఊళ్ళో అసలు రోగాలే లేవు, అంత పెద్ద ఆసుపత్రి ఎందుకు కట్టుకున్నారో పాపం అనుకున్నాను. ఇంటికొచ్చి ఆ మాటే అంటే మావారు పగలబడి నవ్వారు.

"గ్రాండ్ అంటే గ్రాండ్ గాదే. ఏదో నడుస్తుంది తియ్, అన్నట్టు."

"మరి గా మాటే అనొచ్చు గదా?"

"అంటున్నరు గదా, గ్రాండ్ అని."

ఆ మర్నాడే ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన తలుపు కొట్టాను. ఆయన వచ్చి తీసేసరికి వానకు నిండా తడిసిపోయాను. ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో కుర్చీ పట్టుకుని ఉన్నారు. ఇక్కడివాళ్ళంతా తెల్లగానే ఉంటారు గానీ, ఈయన తెలుపు వేరు.

"ఎలా ఉన్నారండీ?"

"గ్రాండ్."

"నొప్పులేమైనా ఉన్నాయా?"

"గ్రాండ్, గ్రాండ్."

మీ డాక్టర్ ఎలా చూస్తారంటే అదీ గ్రాండేనట. ఆఖరిసారి ఎప్పుడు చూపించుకున్నారంటే మాత్రం అసలు సంగతి బయటపడింది. ఆ డాక్టర్ రిటైరై పోర్చుగల్ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఈయన్ని తన పేషెంటుగా చేర్చుకున్న డాక్టర్ ఇంకా ఎవరూ లేరు. లేని డాక్టర్‌కి మార్కులెలా వేయను? 'డాక్టరే లేడు' అన్న గడి లేదు. ఏదో ఒకటి నొక్కందే ట్యాబ్ ముందుకు కదలదు. ట్యాబ్ ఆయనకే చూపించాను.

"ఆ డాక్టర్ మంచివాడే. మధ్యలోది నొక్కు," అని ఆయనే సలహా ఇచ్చారు.

కుర్చీ పట్టు మాత్రం వదల్లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ట్యాబ్ మీద, ఆ ప్రశ్నలు రాసినవాళ్ళ మీద, ఆ గ్రాండ్ మీద. ట్యాబ్ పక్కన పడేశాను. మన ఇళ్ళల్లో మనిషి కనబడగానే అడిగే మాటే ఇంగ్లీషులో నోట్లోంచి వచ్చేసింది.

"తిన్నారా?"

ఆయన గ్రాండ్ అనబోయి ఆగిపోయారు. దానికి తిన్నాననో, లేదనో చెప్పాలి మరి.

"లేదు," అన్నారు. "ఆదివారం బాత్రూంలో పడ్డాను. స్టవ్ దగ్గర నిలబడలేకపోతున్నాను."

అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. ఈలోగా పాలు కాస్తుంటే, ఎముక విరిగి ఉంటే ఆపరేషన్ అవసరం కావచ్చు, ఏమీ పెట్టొద్దని ఫోన్‌లో చెప్పారు. తిన్నారా అని అడిగినదాన్ని, ఆకలితో ఉన్న మనిషి ముందు పాలగిన్నె పట్టుకుని నిలబడ్డాను.

అంబులెన్స్ వాళ్ళు వస్తూనే ఎలా ఉన్నారని అడిగారు.

"గ్రాండ్," అన్నారీయన.

"కాదు!" అని అరిచాను. "ఆయన గ్రాండ్ కాదు! పడ్డారు, ఆదివారం నుంచి తిండి లేదు!"

స్ట్రెచర్ గుమ్మం దాటుతుంటే ఆయన వాళ్ళని ఆపించి, నా వైపు తల తిప్పారు.

"మరి నువ్వు తిన్నావా?"

ఈ దేశం వచ్చాక బయటి మనిషెవరూ నన్ను ఆ మాట అడగలేదు. పొద్దున్నుంచి కాఫీ తప్ప నా కడుపులో ఏమీ లేదు.

"గ్రాండ్," అన్నాను.