పైన చూశారు

ఊళ్లో నా ఈడు వాళ్లంతా కంప్యూటర్ కోర్సుల్లో చేరుతున్న రోజుల్లో నేను సినిమాల్లో చేరాను. హైదరాబాద్ కృష్ణానగర్లో నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. మనిషికి రెండు బకెట్ల నీళ్లని గోడమీద బొగ్గుతో రాసుకున్నాం. మూడో బకెట్ పట్టేవాణ్ని నేనే. చెక్‌పోస్ట్ దగ్గర ఎర్రలైటు పడితే ఆగిన ఆటో అతన్ని విసుక్కునేదీ నేనే. రూల్సు తీరిక ఉన్నవాళ్ల కోసం పెట్టినవని గట్టిగా నమ్మేవాణ్ని. అసిస్టెంట్ డైరెక్టర్‌కి తీరిక ఎక్కడిది?

అప్పట్లో ఏ కథ విన్నా హీరో సాఫ్ట్‌వేర్ ఇంజనీరే. మా హీరో కూడా అంతే. అందుకని జూబ్లీహిల్స్‌లో ఒక కంపెనీవాళ్ల అద్దాల బిల్డింగుని ఆదివారాలు మాత్రం అద్దెకి తీసుకున్నాం. పొద్దున్నే లోపలికి వెళ్లి, సాయంత్రం ఐదింటికల్లా ఒక్క మేకు కూడా మిగల్చకుండా ఖాళీ చెయ్యాలి. ఫైటు అక్కడే. హీరో బదులు ఒక ఫైటర్ నడుముకి బెల్టు కట్టుకుని, తాడుమీద నాలుగో అంతస్తు దాకా లేవాలి. అతనికి ముప్పై కూడా లేవు. బోరబండలో ఇల్లు, ఇద్దరు ఆడపిల్లలు. నన్ను సార్ అనేవాడు. ఆ యూనిట్లో నన్ను సార్ అనేవాళ్లు ఇద్దరో ముగ్గురో.

ఫైటర్లకి ఒక కట్టుబాటు ఉండేది. ఎక్కడా రాసిపెట్టింది కాదు. తాడు కట్టిన మనిషి ఓకే అనకూడదు. కట్టింది ఎంత పెద్ద ఫైట్ మాస్టరైనా సరే, ఇంకొకరు చూడాలి. మా యూనిట్లో ఆ చూసే మనిషిని అందరూ కాకా అనేవాళ్లు. ఒకప్పుడు తనూ ఫైటరే, కాలు విరిగాక ఈ పనికి వచ్చాడు. టెర్రస్ మీద తాడు కట్టిన చోటికి వెళ్లి, చేత్తో మూడుసార్లు లాగి చూసి, వాకీటాకీలో నాకు చెప్పేవాడు. నేను మైకులో 'పైన చూశారు' అనేవాణ్ని. అది విన్నాకే కింద ఫైటర్ బొటనవేలు ఎత్తేవాడు. అతనికి టెర్రస్ కనబడదు. కనబడేది నేనే.

ఆ ఆదివారం నాలుగు దాటింది. కట్టిన తాడు ఫ్రేములో కనబడుతోందని విప్పి, పక్కకి జరిపి మళ్లీ కట్టారు. జరిపారంటే మళ్లీ చూడాలి. సెలవురోజు గనక లిఫ్టు ఆపేశారు. కాకా కుంటుకుంటూ మెట్లెక్కుతున్నాడు. అద్దాలమీద ఎండ తగ్గిపోతోంది. డైరెక్టర్ నా వెనక నిలబడి అయిందా అని నాలుగుసార్లు అడిగారు. ఐదోసారి అడగలేదు. పనికిమాలినవాణ్ని తెచ్చిపెట్టుకున్నానని కెమెరామన్‌తో అన్నారు, నాకు వినబడేలా. నాకు ఒళ్లు మండింది. ఇందాక చూసిన తాడే కదా, నాలుగడుగులు జరిపితే ఏం కొంప మునుగుతుంది అనుకున్నాను. మైకు తీశాను.

"పైన చూశారు."

బొటనవేలు లేచింది. తాడు బిగిసింది. అతని కాళ్లు నేలని వదిలాయో లేదో, నా చేతిలో వాకీటాకీ గరగరలాడింది. మైకు మోత మెట్లదాకా వినబడినట్టుంది. కాకా గొంతు రొప్పుతోంది.

"నేనింక మూడో అంతస్తులనే ఉన్న."

ఆపమని అరవొచ్చు. అరిస్తే నేను అబద్ధమాడానని యూనిట్ మొత్తానికి తెలుస్తుంది. ఒక మనిషి గాల్లో ఉండగా నేను నా పరువు గురించి ఆలోచించాను. ఇన్నేళ్లయినా ఆ సంగతి రాయడానికి సిగ్గుగానే ఉంది. అతను ఒకటో అంతస్తు దాటాడు, రెండోది దాటాడు. తాడు మీంచి కళ్లు తిప్పుకోలేకపోయాను, నేను చూస్తూ ఉంటే అది తెగదన్నట్టు. నాలుగో అంతస్తు దగ్గర గాల్లో ఒక తన్ను తన్ని, తిరిగి కిందికి దిగాడు. కట్ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వెళ్లి మెట్టుమీద కూర్చున్నాను.

కాకా కిందికి రావడానికి పావుగంట పట్టింది. టెర్రస్ దాకా ఎక్కి, తాడు లాగి చూసే దిగాడు. నేను ఆయన చేతులు పట్టుకుని, మాస్టర్‌కి చెప్పొద్దని బతిమాలాను. తిట్లు తినడానికి సిద్ధంగానే ఉన్నాను. ఆయన తిట్టలేదు.

"తాడు మంచిగనే ఉంది బిడ్డా. మాస్టర్‌కు నేను చెప్ప. గాలిలకు లేసిన పిలగానికి నువ్వే చెప్పాలె."

ఆ వారమంతా నాకు నేను ఏమీ కాలేదు కదా అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నా మనసు ఒప్పుకోలేదు. అసలు ఏమీ కాకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఏమీ కాలేదు గనక రేపు మళ్లీ అలాగే అంటాను, ఎల్లుండి ఇంకొకడంటాడు. చట్టాలు దొంగల కోసమని చిన్నప్పుడు అనుకునేవాణ్ని. నేను దొంగని కాను, ఎవరికీ చెడు తలపెట్టినవాణ్నీ కాను. తొందరలో ఉన్న మామూలు మనిషిని. ఆ కట్టుబాటు పెట్టింది సరిగ్గా నాలాంటివాడి కోసమేనని అప్పుడు తెలిసింది. గదిలో రెండో బకెట్‌తో ఆగిపోతుంటే నాకు జ్వరమొచ్చిందేమోనని మావాళ్లు అనుకున్నారు.

మరుసటి ఆదివారం అదే బిల్డింగు, అదే షాటు, ఇంకో వైపునుంచి. ఫైటర్ బెల్టు బిగించుకుంటుంటే దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను బకిల్ వంక చూస్తూ విన్నాడు. తర్వాత నవ్వాడు.

"ఏం కాలే గద సార్. ఫికర్ చేయకుండ్రి."

నాకు ప్రాణం లేచి వచ్చింది. పరుగున నా చోటికి వెళ్లాను. ఈసారి కాకా టెర్రస్ మీదికి చేరేదాకా డైరెక్టర్ ఏమన్నా వినిపించుకోలేదు. చూసినట్టు కాకా చెప్పాకే మైకు తీసి, పైన చూశారు అన్నాను. అది నిజం.

బొటనవేలు లేవలేదు. అతను ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, తల పూర్తిగా వెనక్కి వంచి, టెర్రస్ వైపు గొంతెత్తి అడిగాడు.

"కాకా, చూసినవా?"

చూసినట్టు పైనుంచి కాకా గొంతు వినబడ్డాకే వేలెత్తాడు. ఆ రోజు షాట్లన్నిటికీ అలాగే అడిగాడు. మిగతా ఫైటర్లూ అతన్ని చూసి పైకే అడగసాగారు. మైకు నా చేతిలోనే ఉంది. పోయేటప్పుడు అతను మాత్రం ఎప్పటిలాగే నవ్వి, వస్తా సార్ అని చెప్పే వెళ్లాడు.